గోవిందా అన్నప్పుడే పడే కాలు

మా జేజినాయన, అంటే మా తాత, చెక్కభజన గురువు. శిష్యులు ఏమడిగినా నోటితో జవాబు చెప్పేవాడు కాదట. ఏదో ఒక పని చెయ్యమనేవాడు, జవాబు అందులోనే దొరకాలి. ఈ సంగతి మా జేజి, ఆయన పెండ్లాం, చెప్పగా విన్నది.

ఆ ఏడు నరసింహస్వామి తేరుకు భజన గుంపు ముందు నిలిచి ఎగిరే వంతు శిష్యుడు ఓబులేసుకు వచ్చింది. పెండ్లాం బిడ్డలున్నవాడు, ఆ మాట వినగానే పసివాడిలా గంతులేశాడట. అంతలో పాత బెణుకు కాలు మళ్ళీ మడతపడింది. వాళ్ళమ్మ చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేసింది. వాపు తగ్గింది, నొప్పి పోయింది. ఎగిరితే మళ్ళీ పడ్డాడు. అదీ ఎక్కడ? పాట పైకి పోయి అందరూ "గోవిందా" అని ఎగిరే చోటనే!

"దేవుని పేరెత్తితేనే పడతాండా. నేనంటే ఆయనకు గిట్టదా అయ్యా?" అని కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఆ ఒక్క కాలి మీదనే నిలబడు" అన్నాడు జేజినాయన. నిలబడ్డాడు. "బాగానే ఉండాదే! ఇప్పుడు సామికి దండం పెట్టుకో."

ఓబులేసు చేతులు జోడించి కండ్లు మూసుకున్నాడో లేదో, చీలమండ గడగడ వణికి పక్కకు ఒరిగిపోయాడు. జేజినాయన ముందే చేతులు చాచి ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

"మీయమ్మ పట్టు వేసింది గానీ, కాలికి పట్టు రాలేదురా. ఇన్నాళ్ళూ కండ్లతో నిలబడినావు."

మా జేజి గడపలోంచి నవ్వింది. "అయితే కండ్లు తెరిచి గోవిందా అనమను, పోతాది!"

"వానికి అది చేతకాదులే."

మరుసటి దినం నుంచి జేజినాయన చెప్పినట్టే ఓబులేసు పొద్దున్నే తలకు పోసుకొని వచ్చి, ఆ కాలి మీద నిలబడి గోవిందనామాలు చెప్పుకున్నాడు. మొదట గోడకు చెయ్యి ఆనించి, తర్వాత చెయ్యి తీసి, చివరకు కండ్లు మూసి. నడుమ తూలితే మళ్ళీ మొదటికే.

తేరు కదిలింది. అబ్బ, ఆ పొద్దు చూడాల్సిందే అనేది మా జేజి! చెక్కలు మోగుతున్నాయి, గజ్జెలు ఘల్లుమంటున్నాయి, పాట పైకి పోతోంది. గోవిందా! ఓబులేసు కండ్లు మూసుకొని ఎగిరాడు. వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కాలు నేలకు ఆనింది. నిలిచింది. మళ్ళీ ఎగిరాడు!

చెమటలు కారుతుండగానే పరుగెత్తుకొచ్చి గురువు కాళ్ళ మీద పడ్డాడు. "నిలిచిందయ్యా, నిలిచింది! ఇంక పొద్దున్నే ఆ నిలబడేది మానుకోవచ్చునా?"

జేజినాయన అతని తల నిమిరి, "గోవిందనామాలు మానుకుంటావా?" అన్నాడు.