యూదా కుర్చీ

ఫిలేమోను చెప్పిన పాఠం లంకపాలెంలో ఇద్దరికి బాగా అర్థమైంది. గొడవ అక్కడే మొదలైంది.

ఫిలేమోను బైబిలు కాలేజీలో చదువు ముగించుకుని, బర్నబాసు అయ్యగారి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చాడు. అయ్యగారు ఆ ఊరి చర్చి పాస్టరు. పెద్దాయన, బీపీ మనిషి, మాట తక్కువ. వచ్చే ఆదివారం ఫిలేమోను మొదటి ప్రసంగం. విషయం తనే ఎంచుకున్నాడు. కీర్తనల్లో మెస్సీయ, అంటే దావీదు రాజు పాటల్లో రాబోయే రక్షకుడు. వినడానికి వాళ్ళమ్మ తెనాలి నుంచి వస్తానని చెప్పి, చీర కూడా ఇస్త్రీ చేయించి పెట్టుకుంది.

బుధవారం ప్రార్థన కూడికలో దాన్ని కొంచెం రుచి చూపించాడు.

"దావీదు పాటల్లో దావీదుకి జరగనివి కూడా ఉన్నాయండీ. చేతులూ కాళ్ళూ పొడవడం, బట్టల కోసం చీట్లు వేసుకోవడం. అవన్నీ ఎప్పుడో తర్వాత యేసుప్రభువుకి జరిగాయి. అంటే దావీదు నోట్లోంచి మెస్సీయే మాట్లాడుతున్నాడు."

ఉదాహరణకి నూట తొమ్మిదో కీర్తన తీశాడు. అందులో ఏ తప్పూ చెయ్యని మనిషొకడు దేవుడి దగ్గర మొరపెట్టుకుంటాడు. పగవాడి మీద వరసబెట్టి శాపాలుంటాయి. అందులో ఒక మాటని తర్వాతి రోజుల్లో శిష్యుడు పేతురు, ప్రభువుని పట్టించిన యూదా గురించి చెప్పాడు. కాబట్టి మొరపెట్టేది క్రీస్తు, శాపం తగిలేది యూదాకి. ఫిలేమోను బల్ల మీద చెయ్యేసి, ఎంత సులువో చూశారా అన్నట్టు నవ్వాడు.

ముందు చాప మీద దీనమ్మ చెయ్యెత్తింది.

"అయితే బాబూ, ఈ కీర్తన నేను చదివినా యేసయ్య చదివినట్టేనా?"

ఫిలేమోనుకి ప్రాణం లేచొచ్చింది. ఊళ్ళోకొచ్చాక ఒక్కరైనా పాఠం మీద ప్రశ్న అడగడం ఇదే.

"అంతేనండీ దీనమ్మగారూ."

పక్క చాప మీద ఎస్తేరమ్మ కూడా తలూపింది.

దీనమ్మ, ఎస్తేరమ్మ తోడికోడళ్ళు. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. దీనమ్మ కోళ్ళు ఆ గోడ దూకి, ఎస్తేరమ్మ ఆరబోసుకున్న మిరపకాయల్ని వాకిలంతా కెలికేశాయి. వాటిల్లో ఒక కోడి తిరిగి రాలేదు. అది ఎటు పోయిందో ఎవరూ చూళ్ళేదు గానీ, ఆ మధ్యాహ్నం ఎస్తేరమ్మ వంటింట్లోంచి మసాలా వాసన మాత్రం వచ్చిందని దీనమ్మ అంటుంది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

గురువారం పొద్దున్నే దీనమ్మ గోడ దగ్గర నిలబడి, అవతలి వాకిట్లోకి వినపడేలా నూట తొమ్మిదో కీర్తన అందుకుంది. ఆయుష్షు తగ్గిపోవాలి, ఆస్తి పరాయివాళ్ళ పాలవ్వాలి, పిల్లలు ఇల్లిల్లూ తిరిగి అడుక్కుతినాలి.

ఎస్తేరమ్మ పళ్ళు తోముకుంటూ అంతా వింది.

"నా పిల్లలు అడుక్కుతింటే మొదట తగిలే గుమ్మం నీదే అక్కా. ఇంకో రెండు గ్లాసుల బియ్యం పొయ్యి" అంది. తర్వాత నోరు కడుక్కుని, బైబిలు తెచ్చుకుని, అదే కీర్తన మొదట్నుంచీ తిరగ్గొట్టింది.

వాడి పెళ్ళాం విధవరాలవ్వాలి అన్న మాట కూడా ఉంది అందులో. అక్కడికొచ్చేసరికి వాళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ లేచి, కలిసి టీ కొట్టుకి వెళ్ళిపోయారు. వాళ్ళ మధ్య ఏ తగాదా లేదు.

శుక్రవారం ఫిలేమోను వెళ్ళి నచ్చజెప్పబోయాడు.

"అవి క్రీస్తు మాటలండీ. మనం అలా వాడుకోకూడదు."

"నేనెక్కడ వాడుకున్నా బాబూ?" అంది దీనమ్మ. "చదివేది ఆయన. నోరే నాది. నువ్వు చెప్పిందేగా."

"మరి ఎస్తేరమ్మగారు కూడా అదే చదువుతున్నారు కదండీ."

"దానిది యూదా నోరు. ముద్దుపెట్టి మరీ పట్టిస్తుంది."

గోడ అవతల్నుంచి ఎస్తేరమ్మ అంది, "నేను ఏ కోడినీ ముద్దుపెట్టుకోలేదు."

"సరే బాబూ, చదువుకున్నోడివి" అంది దీనమ్మ. "ఇంతకీ యేసయ్య గోడకి ఏ పక్కనున్నాడో నువ్వే చెప్పు."

ఎస్తేరమ్మ కూడా చీపురు పక్కన పెట్టి గోడ దగ్గరికొచ్చింది. ఇద్దరూ అతని మొహం వైపు చూస్తూ నిలబడ్డారు. ఫిలేమోను వాచీ చూసుకుని, పనుందని వచ్చేశాడు.

ఆదివారం ప్రభు భోజనం కూడా ఉంది. రొట్టె తీసుకునే బల్ల దగ్గరికి అది వస్తే నేను రానని ఇద్దరూ ఊరంతా చెప్పారు.

అయ్యగారు చర్చి అరుగు మీద కూర్చుని సైకిలు గొలుసుకి నూనె వేస్తున్నారు. ఫిలేమోను చెప్పిందంతా విన్నారు.

"నీ పాఠంలో తప్పుందా?"

"లేదండీ. మా కాలేజీలో ఇలాగే చెప్పారు."

"అయితే రేపు పొద్దున వెళ్దాం. చూశాక ఆదివారం ప్రసంగం నువ్వు చెయ్యాలో నేను చెయ్యాలో అనుకుందాం."

 ఆ రాత్రి ఫిలేమోను అమ్మని రావద్దనడానికి ఫోను తీశాడు. ఆమె ఎత్తగానే, చీర ఏ రంగని అడిగి పెట్టేశాడు.

శనివారం పొద్దున అయ్యగారు చర్చిలోని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి సైకిలుకి కట్టుకుని బయల్దేరారు. గోడ ఆగిపోయిన చోట, రెండు వాకిళ్ళకీ ఎదురుగా దాన్ని ఫిలేమోను చేత వేయించారు.

"వందనాలు అయ్యగారూ" అన్నారు ఇద్దరూ, ఎవరి వాకిట్లోంచి వాళ్ళు.

"వందనాలమ్మా. నాటకం ఆడుతున్నారంటగా. చూద్దామని వచ్చా. క్రీస్తు వేషం ఎవరిది?"

"నాదే" అంది దీనమ్మ. "నాదండీ" అంది ఎస్తేరమ్మ.

"ఇద్దరు క్రీస్తులా. బాగుంది. మరి యూదా?"

ఇద్దరూ గోడ మీంచి ఒకరినొకరు చూపించుకున్నారు.

"ఒప్పుకుంటావా ఎస్తేరూ?"

"నేనెందుకు ఒప్పుకుంటానండీ."

"పోనీ నువ్వమ్మా, దీనా?"

"ఇంటికి పెద్దకోడల్ని. నాకు యూదా వేషం ఇస్తారా అయ్యగారూ?"

"ఇదే వచ్చిన చిక్కు" అన్నారాయన. "క్రిస్మస్ నాటకంలో పసిపిల్లల్ని చంపించే హేరోదు వేషానికీ ఇంతే. ఒక్కడు ముందుకు రాడు. ఏటేటా నేనే మీసం అంటించుకోవాల్సొస్తోంది."

అంటూ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నారు.

"ఇదిగో, ఇది యూదా కుర్చీ. ఇప్పుడు చదవండి."

దీనమ్మ బైబిలు తెరిచింది. గొంతు సవరించుకుంది. వాడి ఆయుష్షు, అని మొదలుపెట్టి, తలెత్తి చూసింది. అయ్యగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలొంచుకుని కూర్చున్నారు. మొన్నా మధ్య ఆయనకి గుండెల్లో నొప్పొచ్చి ఆస్పత్రిలో ఉంటే, రోజూ జావ కాచి పంపింది దీనమ్మే.

"ఆగావేమ్మా?"

"మీ మీద చదవలేనండీ."

"చదివేది నువ్వు కాదన్నావుగా."

దీనమ్మ బైబిలు మూసేసింది. అయ్యగారు ఎస్తేరమ్మ వైపు చూశారు.

"కళ్ళజోడు కనపడ్డంలేదండీ" అంది ఎస్తేరమ్మ. అది ఆమె తలమీదే ఉంది.

అయ్యగారు మెల్లగా లేచారు. "నా నడుం లాగుతోంది. ఒరే ఫిలేమోనూ, కాసేపు నువ్వు కూర్చో."

అతను కూర్చున్నాడో లేదో దీనమ్మ మళ్ళీ బైబిలు తెరిచింది.

"ఈ బాబు మీదైతే చదవగలను."

"అసలు పాఠం చెప్పింది ఇతనేగా అక్కా" అంది ఎస్తేరమ్మ. కళ్ళజోడు దొరికింది. గోడ మీద ఒక్క బైబిలే పరుచుకుని, చెరో పక్కనుంచీ వంగి, ఇద్దరూ ఒక్క గొంతుతో అందుకున్నారు.

ఫిలేమోను ఆ కీర్తన ఎన్నిసార్లు చదివాడో. ఎప్పుడూ చదివేవాడి వైపు నుంచే చదివాడు. ఇటు నుంచి వినడం ఇదే మొదలు. ఒక్కో శాపం వచ్చి మీద పడుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈ ఆడవాళ్ళ కోడితో తనకేం సంబంధం? ఆ మిరపకాయలు తను చూడను కూడా లేదు.

టీ కొట్టు నుంచి వచ్చిన అన్నదమ్ములు గేటు దగ్గరే ఆగిపోయారు. విధవరాలి మాట వచ్చింది.

"ఆ బాబుకి పెళ్ళి కాలేదు కదే" అన్నాడు దీనమ్మ మొగుడు.

"అయ్యాక తగుల్తుందిలే" అని దీనమ్మ ముందుకెళ్ళిపోయింది.

ఫిలేమోను లేవబోయాడు. "నేనేం చేశానండీ, అసలు?"

అయ్యగారు అతని భుజం మీద చెయ్యేశారు. "ఏమీ చెయ్యలేదు. నాకు తెలుసు. ఊరికే కూర్చో."

ఫిలేమోను ఊరికే కూర్చున్నాడు. తల దానంతటదే వంగింది.

కాసేపటికి ఒక గొంతు తగ్గింది. తర్వాత రెండోది కూడా. దీనమ్మ కుర్చీ వైపు చూసి, పేజీ మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"చాల్లే ఎస్తేరూ. ఏ పాపం ఎరగని పిల్లాడు. తిరిగి ఒక్క మాట కూడా అనట్లేదు, చూడు."

"నాకూ ఎలాగో ఉంది అక్కా."

దీనమ్మ లోపలికెళ్ళి టీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. "తాగు బాబూ. ఎక్కడా తగల్లేదు కదా?"

"లేదండీ" అన్నాడు ఫిలేమోను. 

గోడ దగ్గర ఎస్తేరమ్మ కొంగు నలుపుకుంటూ నిలబడింది. "అక్కా, ఆ కోడి..."

"తెలుసులే. ఉప్పెక్కువైందని మీ ఆయన మా ఆయనకి చెప్పాడు."

"ఆయన నోరు నిలవదు కదా."

"రేపు చర్చికి పెందలాడే రా. చాప వేసి ఉంచుతా."

తిరిగి వచ్చేటప్పుడు అయ్యగారు సైకిలు నడిపించుకుంటూ ముందు నడిచారు. ఫిలేమోను కుర్చీ నెత్తిమీద పెట్టుకుని వెనక నడిచాడు. కాలవ దాటారు.

"రేపు ప్రసంగం నువ్వే చెయ్యి" అన్నారు అయ్యగారు. "ఆ కీర్తనలో మెస్సీయ ఎక్కడున్నాడో చెబుతానన్నావుగా. ఎక్కడున్నాడు?"

మొరపెట్టే గొంతులో, అని చెప్పబోయాడు ఫిలేమోను. ఇన్ని రోజులూ అదే చెప్పాడు. నెత్తిమీద కుర్చీ సర్దుకున్నాడు.

"అయ్యగారూ, మీరు ఈ కుర్చీలో ఎందుకు కూర్చున్నారండీ? మీరు యూదా కాదు కదా."

ఆయన సైకిలెక్కారు.

"ఇంకెవరూ కూర్చోలేదు కదరా" అని తొక్కుకుంటూ వెళ్ళిపోయారు.

ఫిలేమోను నెత్తిమీది కుర్చీ దించి, రోడ్డు పక్కన జాగ్రత్తగా పెట్టాడు. శాపాలన్నీ పడ్డ ఆ చోట అప్పటికే ఎవరో ఉన్నట్టు, దాంట్లో కూర్చోలేదు. దాని ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.