రాజావారు ఆగిన నిమిషం

గంధంకోట రాజావారు కారును గాలిలా తోలతారు. ఆపీ ఆపగానే ఇంజను కట్టేస్తారు. అంత వేడి మీద కట్టేస్తే లోపల నూనె మాడి, ఇంజనులోకి గాలి నెట్టే టర్బో పోతుంది. ఒకరోజు పోనే పోయింది. దాంతోపాటు ఇంజను పొగను బయటికి పంపే మానిఫోల్డూ పగిలింది.

మెకానిక్ దస్తగిరి రెండూ కొత్తవి బిగించి, "దొరా, కట్టేసే ముందు వేడి దిగేలా ఒక్క నిమిషం ఇంజన్ని ఊరికే తిరగనివ్వండి," అన్నాడు.

"ఇంజను కోసం రాజు కాచుకు కూర్చుంటాడట్రా? మళ్లీ పోయిందంటే నీ షెడ్డు పీకిస్తా."

దస్తగిరి నేరుగా వెళ్లి, కోటలో బిరుదులు చదివే భట్రాజును కలిశాడు.

మర్నాటి నుంచి కారు రాగానే భట్రాజు కోట గేటుకు అడ్డంగా నిలబడి రాజావారి బిరుదులన్నీ రాగం తీసి చదవసాగాడు. ఇంకా లోపలికి పోవాలి గనక రాజావారు ఇంజను కట్టేయకుండా, మీసం దువ్వుకుంటూ చివరిదాకా విన్నారు. రోజూ అదే తంతు.

ఏడాది గడిచింది. "చూశావా, నీ నిమిషం లేకుండానే బండి నడిచింది," అన్నారు రాజావారు.

"చిత్తం దొరా," అన్నాడు దస్తగిరి. ఎండలు ముదురుతున్నాయని, ఆ సాయంత్రమే భట్రాజుతో చెప్పి ఇంకో రెండు బిరుదులు చేర్పించాడు.