రథాల ముంగిలి

కొత్త కచేరీ కట్టించిన రాజు దాని ముందున్న అరుగులూ చలివేంద్రమూ పడగొట్టించి, ముంగిలంతా రథాలకిచ్చాడు. కాలినడకన వచ్చేవాళ్ళకు అక్కడ చోటు లేదని ఆజ్ఞ; అడుగు పెడితే కొరడా దెబ్బలే. మొర చెప్పుకోబోయిన తన ముసలి మామను భటులు వీధిలోకి ఈడ్చేశారని బుట్టలల్లే గవరమ్మ రగిలిపోయింది.

"రాజాజ్ఞ మీరకండి. ఎవరూ అక్కడ కాలు పెట్టకండి," అని ఊరంతా తిరిగి చెప్పింది.

రాజు పుట్టినరోజున ముంగిట్లో రథాలే ఉన్నాయి, జనం లేరు.

"నాకు జేజేలు పలికేవాళ్ళేరీ?" అని రాజు గర్జించాడు.

వీధిలోనే ఆగిపోయిన జనం మధ్య నుంచి గవరమ్మ గట్టిగా అంది: "మనుషులకు చోటు లేదన్నారుగా దొరా! చోటిచ్చింది గుర్రాలకు. జేజేలూ వాటినే పలకమనండి!"

జనం గొల్లున నవ్వారు.

కొద్దిరోజుల్లోనే రాజు ఆజ్ఞతో రథాలు కోట బయటికి పోయాయి, అరుగులు మళ్ళీ లేచాయి. గవరమ్మ మాత్రం రాజుకు దణ్ణం పెట్టలేదు.

"మాది మాకిచ్చాడు, అంతేగా!" అంది.