బోడికొండ మీద పొగ

లేపాక్షమ్మ మఠానికి వచ్చేసరికి ఆమె చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా నల్లగా ఉన్నాయి. వాకిట్లో తొట్టి దగ్గర ఆగి కాళ్లు కడుక్కోలేదు. ఏనాడూ లేనిది, నేరుగా వచ్చి మఠం పెద్ద సిద్దప్ప తాత ముందర నిలబడింది. దండం కూడా పెట్టలేదు.

“ఎవురు తాతా?” అంది.

తాత అరుగు మీద కూచుని చాటలో కొర్రలు పోసుకుని రాళ్లు ఏరుతున్నాడు. తలెత్తి ఆమె మొహం చూశాడు, కాళ్లు చూశాడు, మళ్లీ చాటలోకి వంగాడు.

“కూచో తల్లీ.”

“కూచోను. ఈ అరుగు మీద కూచుంటే కొండంతా కనపడుతుంది మీకు. ఎవురు చేసిరో మీకు తెలుసు. నాకు పేరు కావాల.”

తాత చాటలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టాడు.

ఊరికి ఆనుకుని ఉన్న ఆ కొండను ముందు నుంచీ బోడికొండ అనే అనేవాళ్లు. పగలంతా ఎండను మింగి, పొద్దు గూకాక ఆ సెగనంతా ఊరి మీదికి వదిలేది. చంటిపిల్లలకు నిద్ర ఉండేది కాదు. కంకర మిల్లు దుమ్ము సరేసరి. రవికలు కుట్టుకుని బతికే లేపాక్షమ్మ ఒక ఏడు, ఆ కొండ మీద మొక్కలు నాటుదామంది. “మిషనాయమ్మ రాతికి పచ్చ రవిక కుడుతుందంట” అని నవ్వారు. నవ్వినవాళ్లే తర్వాత ఒక్కొక్కరుగా వచ్చారు. పొదుపు సంఘం ఆడవాళ్లు, ఆటోవాళ్లు, టీ అంగడివాళ్లు, బడిపిల్లలు. శనివారం వస్తే ఇంటికొక బిందె నీళ్లు మోసుకుని కొండెక్కడం ఊరికి నోములాగా అయిపోయింది. వేప, కానుగ, ఉసిరి, సీతాఫలం, నేరేడు. కొన్ని మనిషి భుజం దాకా వచ్చాయి. ఈ ఎండాకాలం ముసలివాళ్లు మంచాలు బయట వేసుకుని, గాలి కొంచెం మెత్తబడింది అనుకున్నారు. పోయిన నెల పేపరాయన వచ్చి ఫొటో కూడా తీసుకుపోయాడు.

ఆషాఢం వచ్చింది గానీ చినుకు రాలేదు. మొక్కలు వాడుమొహం పట్టాయి. నిన్న సాయంత్రం కొండకు మంటలు అంటుకున్నాయి. పడమటి గాలి తోడయింది. మేకలు తినకుండా ప్రతి మొక్క చుట్టూ లేపాక్షమ్మ దగ్గరుండి వేయించిన ముళ్లకంపే, మంటను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు అందించింది. బిందెలు పట్టుకుని ఊరంతా పరిగెత్తింది. పొద్దున చూస్తే పచ్చనిది ఒక్క ఆకు లేదు.

మఠం గేటు బయట కుళ్లాయప్ప నిలబడి ఉన్నాడు. ఊరి నీళ్ల కమిటీకి అతనే పెద్ద. వెనక నలుగురు మగవాళ్లు. కొండకు నిప్పు పెట్టింది మేకల కాపర్లేనని, కాపర్ల వీధికి పోయే నీళ్లు ఆపేయాలని ఈ ఐదుగురి పట్టు. ఆ వీధి మేకలకూ ఈ మొక్కలకూ మొదటి నుంచీ తగువే. “మీ చెట్టును మా మేక తింటే తప్పాయె. మా మేక ఆకలికి చస్తే అది తప్పు కాదా?” అని కాపర్ల ఆడమనిషి ఒకామె లేపాక్షమ్మను నడివీధిలో నిలేసింది కూడా.

“తాత పేరు చెప్తే సరే. చెప్పకున్నా నువ్వు తలాడించు చాలక్కా, వాల్వు తిప్పేస్తా” అని ఆమెను లోపలికి పంపేటప్పుడే అన్నాడు కుళ్లాయప్ప. కాపర్ల పనేనని లేపాక్షమ్మకూ గట్టి నమ్మకమే. తాత నోటి నుంచి వస్తే పాపం తనకు అంటదని మాత్రమే వచ్చింది.

“తాతా, ఎన్నేండ్ల కష్టం! మీరు పలక్కుంటే నేను పోయి వాళ్లతో సరే అని చెప్తా.”

“కూచో తల్లీ” అన్నాడు తాత మళ్లీ, అంతే నెమ్మదిగా.

అప్పుడు మఠం వెనక దొడ్డిదారిన కర్ర చప్పుడయింది. హనుమక్క. కొండకవతల చేని దగ్గర కొట్టంలో ఒంటరిగా ఉండే ముసలామె. రెండు కళ్లకూ పొరలు. అయినా ఏ శనివారమూ తప్పింది లేదు. చిన్న బిందె చంకన పెట్టుకుని, కర్రతో రాళ్లు తడుముకుంటూ కొండెక్కి, తన నేరేడు మొక్కకు నీళ్లు పోసి దిగేది. ఇవాళ ఆమె చేతిలో టెంకాయ ఉంది.

“సామీ, టెంకాయ తెచ్చినా. ఇంకెవురో ఉన్నట్టుందే?”

“నేనే అవ్వా, లేపాక్షిని.”

“నువ్వేనా!” ముసలామె మొహం విచ్చుకుంది. “నీ ఇంటికే వద్దామనుకుంటి. ఇంక దిగులు పడాకు తల్లీ. వాన వస్తాది.”

“యాడి వాన అవ్వా?”

“నిన్న కొండకు మంట పెట్టినా గదా.”

చాటలో కొర్రల చప్పుడు ఆగిపోయింది.

“మా నాయన పెట్టేవాడు, మా జేజినాయన పెట్టేవాడు” అంది హనుమక్క, అరుగు అంచు తడిమి కూచుంటూ. “కరువు ముదిరితే కొండకు మంట పెట్టాల. ఆ పొగ పోయి మబ్బును పిల్చుకోనొస్తాది. పోయిన శనివారం నా నేరేడును తడిమితే ఆకు పెళపెళమనె. పానం ఉసూరుమనె నాకు. నా బిందె నీళ్లకు ఏమి బతుకుతాది అది? వానే రావాల. మొక్కలుండే తట్టు పోలేదులే, నాకు ఆ మాత్రం తెలీదా? అవతల, పడమటి దిక్కు కొండ మొదట్లో పెట్టినా.”

లేపాక్షమ్మ గొంతు లేచింది.

“నాతో ఒక్క మాట చెప్పకూడదా అవ్వా!”

“చెప్తి గదే! పేపరాయన ఫొటో తీస్తాండిన పొద్దు, నీ పక్కనే నిలబడి చెప్తి. ‘తర్వాత ఇంటాలే అవ్వా, కొంచెం పక్కకు జరుగు, ఫొటోలో పడుతాండావు’ అంటివి.” ఆమె బోసినోటితో నవ్వింది. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. “ఆమైన, ఫొటో తీసినాక, నీకు పనులాయె. యాడ గుర్తుంటాది పాపం. అందుకే నేనే పోతి.”

లేపాక్షమ్మకు ఆ పొద్దు గుర్తొచ్చింది. కొంగు సర్దుకుంటూ పేపరాయన వైపు తిరిగింది గుర్తొచ్చింది. అవ్వ భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపింది గుర్తొచ్చింది. అవ్వ ఏం చెప్పిందో ఒక్క మాటయినా గుర్తు రాలేదు.

“పొద్దున కొండకు పోయింటివా లేపాక్షీ? మొక్కలెట్లుండాయి?” అంది హనుమక్క. “నా నేరేడు?”

లేపాక్షమ్మ నోరు తెరిచింది. రాత్రంతా పళ్ల కింద నూరుకున్న మాటలన్నీ నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. అనదలుచుకున్న మనిషి ఎదురుగానే ఉంది.

తాత లేచాడు. హనుమక్క చేతిలోంచి టెంకాయ తీసుకున్నాడు. పీచు ఒలిచి, వాకిట్లో రాతికి కొట్టాడు. కాయ సరిగ్గా రెండు చెక్కలయింది. దేవుడి ముందు ఉంచి, దీపం వత్తి ఎగదోసి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఒక చెక్క తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు. రెండోది లేపాక్షమ్మ వైపు చాచాడు.

“ప్రసాదం తల్లీ.”

ఆమెకు చెయ్యి లేవలేదు. తన కొండను కాల్చిన మంటకు మొక్కుబడి ఆ టెంకాయ. ఆమె తాత మొహంలోకి చూసింది. తాత చెయ్యి చాచింది చాచినట్టే ఉంది.

చివరికి ఆమె రెండు చేతులూ పట్టింది. తెల్లటి కొబ్బరి మీద ఆమె వేళ్ల మసి అంటింది. కళ్లకద్దుకుంది. కొరికింది. నమలడానికి దవడలు రాలేదు, అయినా నమిలింది. మసితో సహా మింగింది.

“ఏమక్కా! పేరు చెప్పినాడా తాత?” గేటు దగ్గర నుంచి కుళ్లాయప్ప కేక వేశాడు.

లేపాక్షమ్మ గేటు దాకా నడిచింది.

“కాపర్ల పని కాదు. నీళ్లు ఆపొద్దు.”

“మరి ఎవురి పని?”

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. “నాది.”

“ఏమి మాటలక్కా అవి! నీ మొక్కలకు నువ్వే నిప్పు పెట్టుకుంటివా?”

“అట్లే అనుకో.”

కుళ్లాయప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. ముందు జాలిగా, తర్వాత చిరాగ్గా. “వాళ్లను కాపాడాలని చూస్తాండావు. సరే, నీళ్లు ఆపను. గానీ ఒక మాట. శనివారం ఇంక నా ఇంటి బిందె రాదు. ఈళ్ల ఇండ్ల నుంచి గూడా రావు. కాల్చినోళ్లను వెనకేసుకొచ్చే దానికా మేము మోసింది?” అన్నాడు. వెనక నలుగురిలో ఎవరూ కాదనలేదు. తుండుగుడ్డలు దులుపుకుని వెళ్లిపోయారు. వాళ్లతో పాటు ఊరంతా వెళ్లిపోయినట్టు అనిపించింది లేపాక్షమ్మకు.

ఆకాశం ఎప్పటిలాగే తెల్లగా మండుతోంది. ఎక్కడా మబ్బు తునక లేదు. కొండ వైపు చూస్తే, అక్కడక్కడ ఇంకా సన్నగా పొగ లేస్తోంది.

ఆమె తిరిగి వచ్చి తాత ముందర కూలబడింది. ఏడుపు కూడా రావడం లేదు.

“ఇంక ఎవురూ రారు తాతా. నా దగ్గర ఏమీ మిగల్లేదు. చెప్పండి, మళ్లీ నాటాల్నా, వద్దా?”

తాత చాట ఒళ్లోకి తీసుకున్నాడు. అరుగు చివర హనుమక్క, పొరలు కమ్మిన కళ్లు కొండ వైపు తిప్పి, కొబ్బరి ముక్క చప్పరిస్తూ కూచుని ఉంది.

“ఆయమ్మ నిన్ను ఒకటి అడిగింది గదా” అన్నాడు తాత. “ముందు దానికి జవాబు చెప్పు.”

“లేపాక్షీ” అంది అవ్వ, చేత్తో గాలిలో తడుముతూ. “నా నేరేడు ఎట్లుందంటే పలకవేమే? యాడుండావు?”

లేపాక్షమ్మ లేచి వెళ్లి, ఆ చెయ్యి పట్టుకుని ఆమె పక్కన కూచుంది.