చివరి కుర్చీ

ముప్పయ్యేళ్లు కోర్టులో ప్రశ్నలు వేసినందువల్లనేమో, పబ్లిక్ ప్రాసిక్యూటరుగా రిటైరైన జోగారావు గారికి ఎవరేమడిగినా సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఆ సంగతి ఆయన శిష్యురాలు సువర్చలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అయినా జిల్లా ప్రాసిక్యూటర్లందరికీ పైఅధికారి అయిన నెల తిరక్కుండానే, ఒక కాగితం పట్టుకుని ఆయన ఇంట్లో వాలింది.

"గురువుగారూ, మా ప్రాసిక్యూటరు యాకోబుతో చిక్కొచ్చింది. మొన్నొక దొంగతనం కేసులో, ముద్దాయికి పనికొచ్చే కాగితం పోలీసు ఫైల్లో కనబడితే తనే తీసి జడ్జిగారికి చూపించాడు. కేసు కొట్టేశారు. చేతకానివాడని రాసి ఇంక్రిమెంటు ఆపమని పోలీసు పెద్దలు పట్టుబడుతున్నారు. రేపటిలోగా నేను రాసివ్వాలి. నా రాతతో అతని ప్రమోషన్ కూడా పోతుంది. జీతమిచ్చేది ప్రభుత్వం, కేసు తెచ్చేది పోలీసు. అసలు మనం ఎవరికి జవాబు చెప్పుకోవాలండీ?"

ఆయన ఆమెను కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇప్పించి, తన తొలినాళ్ల సంగతి ఎత్తుకున్నారు.

అప్పుడు ప్రాసిక్యూటర్లందరి మీదా ఒక డిప్యూటీ డైరెక్టరు ఉండేవారట. మంచివారే, కాకపోతే శాతాల పిచ్చి. నెలనెలా మీటింగులో, ఎవరి కేసుల్లో ఎన్ని శిక్షలు పడ్డాయో చూసి ఆ వరసలోనే ప్రాసిక్యూటర్లను కూర్చోబెట్టేవారు. మొదటి కుర్చీ ఎప్పుడూ పట్టాభిది. చివరిది ఖాదర్‌వలీది. ఫైల్లో ముద్దాయి వైపు మాట కనిపిస్తే దాచడం ఖాదర్‌వలీకి చేతకాదు. పాపం, మీటింగు జరిగిన ప్రతిసారీ చీవాట్లు తినేవాడు.

ఒకసారి మీటింగు నడుస్తుండగా ఫోనొచ్చింది. డిప్యూటీ డైరెక్టరు గారి బావమరిదిని కొట్లాట కేసులో ఇరికించారు. గొడవ జరిగిన పూట ఆ కుర్రాడు భార్య పురుడని ఆసుపత్రిలో ఉన్నాడు. ఆసుపత్రి రిజిస్టరు నకలు పోలీసు ఫైల్లోనే ఉంది.

"ఆ కోర్టులో ప్రాసిక్యూటరెవరయ్యా?" అన్నారాయన గుమాస్తాతో.

"మన పట్టాభిగారేనండి. ఏం పర్లేదండి, ఆయన చేతికొచ్చిన కేసు ఓడిపోరండి."

పెద్దాయన ముఖం పాలిపోయింది. గొంతు తగ్గించి, "ఖాదర్‌వలీ కోర్టుకు మార్చే దారేమైనా ఉందా?" అని అడిగారు. అందరూ విన్నారు. ఖాదర్‌వలీ తల దించుకున్నాడు.

సువర్చల ఫక్కున నవ్వింది. ఆ వెంటనే, "మార్చారా మరి?" అంది.

"కుదర్లేదు. రిజిస్టరు నకలు ఫైల్లోంచి బయటికి రాలేదు. కుర్రాడికి శిక్ష పడింది. ఆ నెల కూడా మొదటి కుర్చీ పట్టాభిదే."

సువర్చలకు నవ్వు మాయమైంది. ఆ కుర్రాడి మీద జాలేసింది, ఖాదర్‌వలీని తలచుకుంటే బాధేసింది. తర్వాత పెన్ను తీసి, యాకోబు చేసింది ప్రాసిక్యూటరు చేయాల్సిన పనేననీ, అతని ఇంక్రిమెంటు ఆపడానికి తాను ఒప్పుకోననీ రాసి సంతకం పెట్టింది. అలవాటు కొద్దీ ఆయన ముందుకు జరిపింది.

జోగారావు గారు దాన్ని చదవలేదు. ఆమె తల మీద చెయ్యి వేసి, "పిచ్చితల్లీ, మా పెద్దాయనకు ఈ సందేహం సొంత బావమరిది బోనెక్కాక వచ్చింది. నీకు నీవాళ్లెవరూ ఎక్కకుండానే వచ్చింది" అన్నారు.