తోకతో తడిమిన మెడ

అనగనగా, మనిషి అడుగింకా పడని ఒక అడవి. అక్కడ ఏటేటా కొండముచ్చు పిల్లలకూ ఎలుగు పిల్లలకూ ఆట జరిగేది. ఒకరు వెలగకాయ విసరాలి, ఇంకొకరు దాన్ని కర్రతో కొట్టాలి.

ఆ ఆటకొక కట్టుబాటు ఉండేది. ప్రతి విసురుకూ ముందు, విసిరే పిల్ల ఆ విసిరే చేత్తోనే తన మెడ వెనక తడిమి చూపాలి. చెయ్యి అందకపోతే భుజం అలసినట్టు లెక్క, ఇంకొకరు రావాలి. తీర్పరి తాబేలు మందరయ్య. పాపం, ఆయనకు చూపు అంతంతమాత్రం.

ఆ ఏడు కొండముచ్చుల తరఫున చిటుకు విసురుతున్నాడు. గట్టు మీద కూర్చున్న వాడి తల్లి గోరింటకు ప్రాణం ప్రాణంలో లేదు. నిన్నటి నుంచి పిల్లాడు ఎడమ చేత్తోనే తింటున్నాడు. అడిగితే "ఏం లేదమ్మా" అంటున్నాడు.

ఆట చివరికొచ్చింది. కర్ర పట్టుకుని ఎలుగు పిల్ల గుబురు నిలబడ్డాడు. మూడు విసుర్లూ వాడి కర్రకు తగలకపోతే కొండముచ్చులదే గెలుపు.

చిటుకు మోచెయ్యి కాస్త ఎత్తి మెడ తడిమాడు. గోరింట గట్టు మీంచి ముందుకు వంగి చూసింది. తడిమింది చెయ్యి కాదు, తోక కొస! తాబేలుకది కనిపించలేదు. కొండముచ్చు పిల్లలకు ఆట నేర్పే నక్క మాత్రం ముసిముసిగా నవ్వింది. ఆ ఎత్తు నేర్పింది అదే మరి. కాయ రివ్వున పోయింది, గుబురు కర్రకు తగల్లేదు. అందరూ కేరింతలు కొడుతుంటే, ఇప్పుడు నోరు విప్పితే పిల్లాడి పరువేం కాను అని గోరింట ఊరుకుంది.

రెండోసారీ తోకే. ఈసారి కాయ అదుపు తప్పి గుబురు చెవి పక్కనుంచి దూసుకుపోయింది. వాడు హడలిపోయి, కళ్ళు మూసుకుని కర్ర తిప్పాడు. తగల్లేదు.

"కళ్ళు మూయకురా! కాయ కర్రకు తగిలేదాకా చూడు!" అని వాడి తండ్రి అరిచాడు.

చిటుకు భుజం పట్టుకుని పళ్ళు బిగించాడు. మూడోసారి తోక పైకి లేచింది. గోరింట ఇక ఆగలేక గట్టు దిగి పరుగెత్తింది.

"ఆపండి మందరయ్య తాతా! అది చెయ్యి కాదు, తోక! నా బిడ్డకు భుజం లేవడం లేదు!"

"ఇంకొక్క విసురే కదా గోరింటా! చేతికందిన గెలుపును కాలదన్నుకుంటావా?" అంది నక్క.

"ఆ ఒక్క విసురుకే భుజం పోతే? గురి తప్పి ఆ పసివాడి తలకు తగిలితే? నువ్వొచ్చి కాపాడతావా?"

చిటుకు భోరున ఏడ్చాడు. "చెబితే ఆటలోంచి తీసేస్తారని భయమేసిందమ్మా!"

తాబేలు ఆ రెండు విసుర్లూ చెల్లవన్నాడు. చిటుకు బదులు వాడి చెల్లెలు విసిరింది. గుబురు కళ్ళు విప్పి, కాయను చివరిదాకా చూసి కొట్టాడు. ఎలుగులే గెలిచాయి. నక్కను మాత్రం మళ్ళీ ఆ దరిదాపులకు రానివ్వలేదు.

కొన్నాళ్ళకు వానలు ముంచెత్తి, వాగు పొంగి ఇవతలి గట్టు మునగసాగింది. కొండముచ్చులన్నీ తీగలు పట్టుకుని అవతలికి దూకాల్సి వచ్చింది. నయమైన భుజంతో చిటుకు తీగ అందుకుని ఒడ్డు చేరేదాకా గోరింట చూపు తిప్పలేదు. చేరాక వాణ్ణి గుండెకు హత్తుకుని ఏడ్చింది.

పిల్లల నొప్పిని దాచి తెచ్చుకునే గెలుపు కంటే, నిజం చెప్పి ఒప్పుకునే ఓటమే మేలు.