పక్కింటి సంగతి అనుకుంటే చాలు

పాలవలసలో పైడన్న ఇంటివాళ్లకి తెలివి ఎక్కువ. ఆ మాట బయటికి పొక్కితే ఎవరైనా ఎత్తుకుపోతారని వాళ్లకి భయం. అందుకని ఎవరు పలకరించినా, "మాకేటీ తెలీదండి" అని ముందే చెప్పేసేవారు. ఊళ్లో అందరూ ఆ మాట నమ్మారు. తమ గుట్టు ఇంత బాగా దాగినందుకు నలుగురూ లోపల్లోపల మురిసిపోయేవారు.

నలుగురంటే పైడన్న, భార్య సూరమ్మ, చెల్లెలు కోటమ్మ, కొడుకు పెంటయ్య. పెంటయ్యకి పెళ్లీడు వచ్చి చాలా కాలమైంది, దాటిపోయి కొంత కాలమైంది. లోపం చూసిన పిల్లల్లో లేదు, వీళ్ల ఆలోచనలో ఉంది. ఒకసారి ఒక పిల్లని చూసొచ్చి, చేసుకుందామా వద్దా అని ఆలోచిస్తూ కూర్చున్నారు. కూర్చునే ఉంటే ఆ పిల్ల కొడుకు బారసాలకి పిలుపొచ్చింది. వెళ్లి, భోంచేసి, వచ్చి, మళ్లీ ఆలోచించారు.

ఆ రోజుల్లోనే పట్నం నుంచి మాలతి అని ఒక చదువుకున్న అమ్మాయి ఊళ్లోకి దిగింది. మనుషులు ఏ సంగతైనా ఎలా తేల్చుకుంటారు, ఎక్కడ బోల్తా పడతారు అన్నదే ఆమె పరిశోధన. ఇంటింటికీ తిరిగి ఒకటే ప్రశ్న అడిగింది. ఇవాళే ఒక అరటిపండు కావాలా, వచ్చే వారం దాకా ఆగి గెల పుచ్చుకుంటారా? కొందరు పండన్నారు, కొందరు గెలన్నారు. పైడన్న మాత్రం పండు పుచ్చుకుని, తినకుండా బియ్యంలో దాచాడు. మరుసటి వారం నల్లగా కారిపోతున్న ఆ పండుని ఆకులో పెట్టుకొచ్చి, "పండూ తీసుకున్నాం, ఆగడమూ ఆగాం. గెలెక్కడ?" అన్నాడు. ఇలాంటి జవాబు ఏ పుస్తకంలోనూ లేదని మాలతి అంది. అది మెచ్చుకోలే అనుకుని నలుగురూ ఆమెని ఇంట్లో కూర్చోబెట్టి, పెంటయ్య పెళ్లి సంగతి విప్పారు.

ఈసారి చూడబోయే పిల్ల పేరు వరాలు. పక్క ఊళ్లో గురువులు అనే ఆసామి కూతురు. పెంటయ్య ఆ పిల్లని మంగళవారం సంతలో ముందే చూశాడు. చేపలమ్మే ఆవిడతో బేరమాడుతూ నవ్వుతోంది. అతను సరుకులన్నీ మరిచిపోయి ఖాళీ సంచీతో ఇంటికొచ్చాడు. పాపం, ఆ పిల్ల మీద అతనికి నిజంగానే మనసు పడింది. ఈ ఒక్క సంబంధం తప్పితే ఇంక పెళ్లే వద్దని తల్లితో చెప్పాడు కూడా.

మాలతి వాళ్లకి తెలిసేలా చెప్పింది. మనుషులు మొదటి చూపుకే బోల్తా పడతారు కాబట్టి చూపుని నమ్మొద్దంది. ఖాళీ కడుపుతో ఏదీ తేల్చొద్దంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖర్న చెప్పింది. పరాయివాళ్లకి చక్కగా సలహా చెప్పేవాళ్లం, మన దాకా వచ్చేసరికి తడబడతాం. అందుకని, "ఇది మీ పక్కింటివాళ్ల సంగతే అనుకుని చూడండి, దారి కనిపిస్తుంది" అంది.

ఇంకేముంది, పెళ్లిచూపుల రోజున నలుగురూ గుమ్మం దాటకముందే కళ్లకి తువ్వాళ్లు కట్టుకున్నారు. దారిలో పొరపాటున ఏదైనా చూసేస్తామేమోనని భయం. సంతలో చూసింది మరిచిపొమ్మని కోటమ్మ మేనల్లుణ్ణి గదమాయించింది. అతను నిజాయితీగా ప్రయత్నించాడు, కుదరలేదు. ఇక బండి తోలడానికి ఎవరో ఒకరికి కళ్లుండాలి కదా. పక్కింటి సింహాచలం పైడన్నకి వరసకి మేనల్లుడే, సొంత ఆటో ఉంది. అతన్ని పిలిచారు.

గురువులు వాళ్లని చూసి ఇంటిల్లిపాదికీ కళ్లకలక అనుకున్నాడు. అతని తల్లి జాలిపడి నందివర్ధనం పూలు కోసుకొచ్చి తువ్వాళ్ల కింద దోపింది. చల్లగా ఉందని పైడన్న మెచ్చుకున్నాడు. సూరమ్మ వసారా స్తంభాన్ని తడిమి, పిల్ల మంచి పొడగరి అంది. కోటమ్మ పెయ్యదూడ ముందు కూర్చుని వంటొచ్చా అని అడిగింది. దూడ మాట్లాడలేదు. పెద్దవాళ్ల ముందు నోరెత్తని పిల్ల అని కోటమ్మకి భలే నచ్చింది.

తర్వాత కడుపుల సంగతి. పులిహోర పెట్టారు, గారెలు పెట్టారు, అన్నం పెట్టారు. ఇక మీ మాటేమిటని గురువులు అడిగినప్పుడల్లా పైడన్న పొట్ట నొక్కి చూసుకుని, ఇంకా కాస్త ఖాళీ ఉందనేవాడు. వడ్డించి వడ్డించి ఆ ఇంటి ఆడవాళ్లు చతికిలబడ్డారు. చూడలేక సింహాచలమే లేచి సాంబారు బాల్చీ అందుకున్నాడు. అన్నం పళ్లెంతో వరాలు, వెనకే బాల్చీతో అతను. వంటింటికీ వసారాకీ తిరుగుతూ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గాని, ఒకటి రెండుసార్లు నవ్వు వినిపించింది. సంతలో విన్న నవ్వే అని పెంటయ్య గుర్తుపట్టాడు. తువ్వాలు కింద అతని కళ్లు చెమర్చాయి. పూల తడి అనుకున్నాడు.

చివరికి పైడన్న తేన్చి, గొంతు సవరించుకున్నాడు. "పక్కింటోళ్ల సంగతే అనుకుందాం. మన సింహాచలానికి ఈ పిల్లని సేసుకోమంటామా, వొద్దంటామా?"

కళ్లకద్దుకుని చేసుకోమంటామని ముగ్గురూ ఒక్కసారే అన్నారు. అంతే, పైడన్న చేతులు చాచి, తాంబూలాలు ఇమ్మన్నాడు. పెళ్లికొడుకెవరని గురువులు అడిగితే సింహాచలమని చెప్పాడు. గురువులు ఆ గదిలో కళ్లున్న ఒక్క కుర్రాణ్ణి ఎగాదిగా చూసి, కూతురి వైపు తిరిగాడు.

"నాకిష్టమే నానా," అంది వరాలు.

సింహాచలానికీ ఇష్టమే, కానీ మనిషి మంచివాడు. "మరి నువ్వో బావా?" అని పెంటయ్యని అడిగాడు.

"నా సంగతైతే తడబడతాను బావా. ఇది నీ సంగతి గదా, నిక్కచ్చిగా సెప్తన్నాను. ఇలాటి పిల్లని వొదులుకోకు," అన్నాడు పెంటయ్య.

ఇంటికొచ్చి తువ్వాళ్లు విప్పుకుని, పుట్టి బుద్ధెరిగాక ఒక్క రోజులో ఒక సంగతి తేల్చామని నలుగురూ సంబరపడ్డారు. పెళ్లిలో పందిరి వేసింది పెంటయ్యే, తలంబ్రాల పళ్లెం మోసింది పెంటయ్యే. కొత్త దంపతులు పక్కింటి గడప తొక్కేసరికి మాత్రం అతనికి గుండెల్లో ఏదో కలుక్కుమంది. వచ్చి తల్లి ఒళ్లో తలపెట్టుకుని, ఓర్చుకోలేకపోతున్నానన్నాడు.

సూరమ్మ కొడుకు తల నిమిరి, మనది అనుకుంటే ఎలా ఓర్చుకుంటావు, ఇది పక్కింటోళ్ల బాధ అనుకోమంది.

పెంటయ్య అలాగే అనుకున్నాడు. గుండె చప్పున తేలికైంది. తేలికవగానే పక్కింటివాళ్ల మీద జాలి ముంచుకొచ్చింది. అంత మంచి పిల్ల చేజారితే మనిషి ఎలా బతుకుతాడు? ఇంకేముంది, బాధలో ఉన్న ఇంట్లో పొయ్యి వెలగదని కోటమ్మ అన్నం గిన్నె, చారు గిన్నె నెత్తికెత్తుకుంది. నలుగురూ పక్కింటికి బయల్దేరారు.

పసుపు బట్టల్లో సింహాచలం తలుపు తీశాడు. పక్కనే పారాణి ఆరని కాళ్లతో వరాలు నిలబడి ఉంది. పెంటయ్య అతన్ని గట్టిగా కావలించుకుని, "ఏడవకు బావా. ఆ పిల్ల నీకు రాసిపెట్టి లేదనుకో," అన్నాడు.

సింహాచలం ఒకసారి పెళ్లాం వైపు చూశాడు, ఒకసారి పెంటయ్య వైపు చూశాడు. బావ మీద జాలేసి, అతని భుజం మీద తలపెట్టి నిజంగానే ఏడ్చేశాడు.

కోటమ్మ గిన్నెలు కిందికి దించి, అన్నతో నెమ్మదిగా అంది. "సూశావా, బాధ ఎవరిదో మనం సరిగ్గానే తేల్చాం."